సెట్టులో పట్టని డేగిశా

పోయిన నెలలో మా పాత కంప్యూటర్ క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క వచ్చింది: "సార్ పోయినారు." దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఒక్కొక్కరు మూడు మూడు, నాలుగు నాలుగు పెడుతున్నారు. గుంతకల్లులో ఉండే మా క్లాసువాడొకడు చూసి చూసి రాసినాడు: "ఎందుకప్పా అన్నేసి పెడతాండారు? సెట్టులో ఎన్నిసార్లు వేసినా ఒకటే నిలుస్తుందని సార్ చెప్పలేదా?"

నేను ఇంట్లో కూచుని బెంగుళూరు ఆఫీసు పని చేసుకుంటున్నాను. ఫక్కున నవ్వినాను. మా అమ్మ వంటింట్లో నుంచి తొంగి చూసి, "నవ్వుతాండావా, ఏడుస్తాండావా?" అని అడిగింది.

ప్రతిదానికీ ఒక పేరు ఉండాలని మా ప్రాణాలు తీసిన ఆ మనిషిని మేమెవ్వరమూ ఏనాడూ పేరుతో అనుకోలేదు. అనంతపురంలో ఎంతమంది సార్లున్నా, మాకు సార్ అంటే ఆయనే. ఇప్పుడు కొత్తగా పేరు రాస్తే వేరే ఎవరి గురించో రాసినట్టుంటుంది.

ఆయన క్లాసు, బోరు మోటార్లకు కాయిల్ చుట్టే అంగడి మీద, మేడపైన ఉండేది. కింద మోటారును పరీక్షకు పెట్టినప్పుడల్లా పైన మా కంప్యూటర్లు వణికేవి. మెట్ల దగ్గర రెండు బోర్డులు ఒకదాని పక్కన ఒకటి. ఒకదానిలో "సెట్లు రిపేరు చేయబడును", రెండోదానిలో "ప్రోగ్రాములు నేర్పబడును". రైతులకు సెట్టంటే పంపుసెట్టే, ఏ బోర్డు ఏ అంతస్తుదో చూసుకునేవాళ్ళు కాదు. భుజాన తువ్వాలు వేసుకుని నేరుగా పైకొచ్చి, "సార్, సెట్టు కాలిపోయింది," అనేవాళ్ళు. సార్ వాళ్ళను తిప్పి పంపేవారు కాదు. కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, బోరు ఎంత లోతు, శెనక్కాయ ఏమన్నా మిగిలిందా అని విచారించి, ఆ తర్వాతే కింద అంగడి చూపించేవారు.

ఒకరోజు ఆయన బోర్డు మీద రాసి మమ్మల్ని అడుగుతున్నారు: "సెట్టు నిండిపోతే ఏమైతుంది? చెప్పండి." మేం తలలు దించుకున్నాం. వాకిట్లో నిలబడ్డ బెళుగుప్ప రైతు ఒకాయన జవాబు చెప్పినాడు: "నిండేదానికి నీళ్ళు యాడుండాయి సార్?"

సార్ సుద్దముక్క కింద పెట్టి, "ఈ క్లాసులో ఈ పొద్దు మాట్లాడింది ఈయనొక్కడే," అన్నారు.

మనిషి పొడుగు, సన్నం. చొక్కా చేతులు ఒకటి మోచేతి దాకా, ఒకటి మణికట్టు దాకా మడిచి ఉండేవి. ఎవరన్నా ప్రశ్న అడిగితే కండ్లద్దాలు తీసి జేబులో పెట్టుకునేవారు. అద్దాలుంటే మనిషి మొగమే కనపడుతుందట, తీస్తే మాట వినపడుతుందట. అద్దాలు ఎంత సేపు జేబులో ఉంటే ప్రశ్న అంత మంచిదని మా లెక్క. నేను అడిగిన వాటికి ఆయన చేయి జేబు దాకా పోయి తిరిగొచ్చేది.

ఊర్లో మిగతా క్లాసులన్నీ ఉద్యోగాలిచ్చే కొత్త భాషలు నేర్పుతుంటే, ఆయన మాత్రం పాస్కల్ అనే పాత కంప్యూటర్ భాష దగ్గరే నిలబడిపోయినారు. అది తప్పు చేసిన మనిషిని నిలదీసి అడుగుతుందని ఆయనకు ఇష్టం. అందులోనూ రెండంటే ప్రాణం. ఒకటి ఎన్యూమరేషన్. అంటే వస్తువులకు ఒకటి, రెండు, మూడు అని కాకుండా పేర్లతోనే ఒక వరస కట్టుకోవడం. "నెంబరు పెట్టి పిలిచేది జైల్లో. మనం పేరు పెట్టి పిలుద్దాం," అనేవారు. మొదటి రోజు ఆయన చెప్పే వరస ఎప్పుడూ ఒకటే: ఎండ, మబ్బు, వాన. "మన జిల్లాలో మూడోది వాడకంలో లేదు. అయినా ప్రకటించి పెట్టుకోవల్ల. తప్పిదారి ఎప్పుడన్నా వస్తే ప్రోగ్రాం బెదురుకోకూడదు గదా."

రెండోది సెట్టు. ఆ వరసలోని పేర్లలో ఏవేవి ఉన్నాయో గుర్తుపెట్టుకునే సంచి లాంటిది. సంచి అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. గోడ అనేవారు. గోడకు సున్నా నుంచి నెంబర్లు వేసిన మేకులు. ఒక్కో పేరుకు ఒక్కో మేకు, ఎన్నిసార్లు వేసినా దానికి ఒక్కటే టోపీ. టోపీ తగిలించి ఉంటే ఆ పేరు సెట్టులో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆఖరి మేకు నెంబరు రెండువందల యాభై ఐదు. అక్కడితో గోడ అయిపోతుంది.

"మూడే పేర్లు పెట్టుకుని, ఒకదానికి ఐదువందల నెంబరు ఇస్తే సార్?" అని అడిగినాను.

నా ప్రశ్నకు కండ్లద్దాలు జేబులోకి పోయింది ఆ ఒక్కరోజే.

"పట్టదు. ఎంతమంది వచ్చినారని గోడ చూడదమ్మా. నీ మేకు నెంబరెంతని చూస్తుంది. ఉన్నది ముగ్గురే కావచ్చు, ఒకడు ఐదువందలో మేకే కావల్లని పట్టుబడితే వాడు బయట నిలబడాల్సిందే."

అట్లా పట్టుబట్టే మనిషి నిజంగానే మెట్లెక్కి వస్తాడని ఆయనకు తెలియదు.

వచ్చినాయన మాబున్న. పెండ్లిళ్ళకూ పేరంటాలకూ షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు బాడుగకిచ్చే సప్లయర్స్ అంగడి ఆయనది. ఎదురంగడివాడు కంప్యూటర్ పెట్టినాడని వీళ్ళింట్లో పిల్లలు సతాయిస్తే, ప్రోగ్రాం రాయించుకోవడానికి వచ్చినాడు. సార్‌కు పండగైపోయింది. ఇన్నాళ్ళకు సెట్టు బోర్డు మీద నుంచి దిగి బజారుకు పోతోంది. నన్నూ ఇంకో ఇద్దరినీ సాయానికి పెట్టుకున్నారు.

మొదటి ప్రోగ్రాం తయారైంది. మాబున్న ఎదురుగా కూచున్నాడు. సార్ ఒక పెండ్లి ఆర్డరు ఎక్కించి చీటీ తీసి ఇచ్చినారు. అందులో కుర్చీ, గ్లాసు, జంపఖానా, గరిటె అని వరసగా ఉంది. మాబున్న చీటీ ముందూ వెనకా తిప్పి చూసినాడు.

"ఎన్ని సార్?"

"ఏమి ఎన్ని?"

"గ్లాసులు. ఎన్ని పంపల్ల?"

సార్ కండ్లద్దాలు తీసినారు. "మాబూ, సెట్టు ఏమి చెప్తుందంటే, ఆర్డరులో గ్లాసు ఉందా లేదా అని. ఎన్ని అనేది సెట్టు పని కాదు."

"గ్లాసులుంటాయని నాకూ తెలుసు సార్. పెండ్లి గదా!"

కిందనుంచి మోటారు ఒకటి గుర్రుమని మొదలై ఆగిపోయింది. మేం నవ్వు ఆపుకోలేక కీబోర్డుల మీదికి వంగినాం. సార్ ఆ రాత్రి ఇంట్లో భోజనం సరిగ్గా చేయలేదని తర్వాత ఆయన భార్య చెప్పింది. మరుసటి రోజు సెట్టు పక్కన లెక్కలకు వేరే చోటు కట్టినారు. సెట్టును మాత్రం తీయలేదు.

అసలు గొడవ డేగిశాతో వచ్చింది. మాబున్న అంగట్లో ప్రతి వస్తువు మీదా ఎర్ర రంగుతో నెంబరు వేసి ఉంటుంది. వాళ్ళ నాయన వేసిన నెంబర్లు అవి. అన్నీ చిన్నవే. ఒక్క పెద్ద డేగిశాకు మాత్రం ఆయన భక్తితో, బిస్మిల్లాకు గుర్తుగా, ఏడువందల ఎనభై ఆరు అని వేసినాడు. ఊరంతటికీ వండగలిగిన రాగి డేగిశా, అంగడి మొదలుపెట్టిన రోజు కొన్నది. దాన్ని జనం డేగిశా అని కూడా అనరు. "మాబున్నా, ఏడెనిమిదారు ఖాళీగా ఉండాదా?" అని అడిగి, దాని తేదీ చూసుకునే పెండ్లి పెట్టుకుంటారు.

సార్ మెల్లగా చెప్పి చూసినారు. "దానికొక్కదానికి ఎనభై ఆరు చేసుకుందాం. ఏడు తీసేద్దాం."

"మా నాయన పెట్టిన నెంబరు సార్. నా పేరు మార్చమన్నా మారుస్తాను గానీ దాన్ని మార్చను."

"గోడ చాలదు మాబూ."

"గోడ పెంచండి సార్."

"అది నా చేతిలో లేదప్పా! పాస్కల్ కట్టినోళ్ళు అంతే కట్టినారు."

"వాళ్ళతో మాట్లాడండి."

ఇది చాలా రోజులు నడిచింది. ఆయన లేచి పోయేవాడు, మళ్ళీ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మాకందరికీ టీ చెప్పేవాడు. టీ కోసమన్నా ఈ తగువు తెగకుండా ఉంటే బాగుండునని మాకు ఉండేది. సార్‌కు సెట్టును వదలడం ఇష్టం లేదు. మాబున్నకు నెంబరును వదలడం ఇష్టం లేదు. ఇద్దరూ నిజంగానే బాధపడ్డారు.

చివరికి ఒక సాయంత్రం సార్, "అయిపోయింది. నీ నెంబరు అట్లనే ఉంటుంది, పో," అన్నారు. మాబున్న ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏమి చేసినారని మేం అడిగినాం. సార్ చేయి జేబు దాకా కూడా పోలేదు.

ఆయన చేసింది మాకు తర్వాత తెలిసింది. చేయకూడదని మాకు నూరుసార్లు చెప్పిన పనే చేసినారు. పెద్ద నెంబరును, ఇది చిన్నదే అని మాట ఇచ్చి, బలవంతంగా సెట్టులోకి తోసినారు. ప్రోగ్రాంను చదివి తప్పులు పట్టే కంపైలర్, మాట ఇచ్చింది మనిషి గదా అని నోరు మూసుకుంది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది, ఎందుకంటే పెండ్లిళ్ళ కాలం కాదు గనుక పెద్ద డేగిశా ఎవరూ అడగలేదు. తర్వాత గుత్తిలో ఒక పెండ్లి వచ్చింది. ఆ రోజు మాబున్న ఇంకో సరుకు దింపించడానికి లేపాక్షి పోయినాడు. అంగట్లో బామ్మర్ది ఉన్నాడు. బామ్మర్ది నెమ్మదైన మనిషి, కంప్యూటర్ అంటే మహా గౌరవం. దాని ముందు చెప్పులు కూడా వేసుకోడు. చీటీలో ఏముంటే అది లారీకెక్కించినాడు.

మేం క్లాసులో ఉన్నాం, పొద్దున్నే. సార్ ఫోను మోగింది. మాబున్న గొంతు మాకు కూడా వినపడింది.

"సార్! గుత్తికి డేగిశా పోలేదు. ఊయల పోయింది!"

"ఊయలేంది?"

"బారసాలలకు బాడుగకిస్తాము గదా సార్, చెక్క ఊయల! పెండ్లికి ఊయల పంపినానంట నేను! మొగపెండ్లోళ్ళు గొడవ పెట్టుకున్నారు. పెండ్లికి ముందే ఊయలెందుకొచ్చిందని అడుగుతాండారంట. వంటాయన పొయ్యి ముట్టించుకుని కూచున్నాడు. నేను లేపాక్షిలో ఉండా సార్, ఏం చేయాల?"

సార్ ఫోను పెట్టేసి బోర్డు దగ్గరికి పోయినారు. ఏడువందల ఎనభై ఆరు అని రాసినారు. అందులో నుంచి రెండువందల యాభై ఆరు తీసేసినారు. మిగిలినదాంట్లో నుంచి మళ్ళీ తీసినారు. మళ్ళీ తీసినారు. పద్దెనిమిది మిగిలింది. ఆఖరి మేకు దాటిన నెంబరు మళ్ళీ సున్నా దగ్గరికి వచ్చి, గోడ చుట్టూ మూడు చుట్లు తిరిగి పద్దెనిమిదో మేకు మీద కూచుంది.

"మాబు అంగట్లో పద్దెనిమిది ఏమి?" అని అడిగినారు.

"ఊయల సార్," అన్నాను. ఆ పేర్లన్నీ ఎక్కించింది నేనే.

ఆయన సుద్దముక్క పెట్టేసి, "పా," అన్నారు.

మాబున్న అంగడి దగ్గర గూడ్స్ ఆటో దొరికింది. డేగిశా ఎక్కించినాక వెనక ఇంక చోటు లేదు. ముందు డ్రైవరు పక్కన ఒక్కరికే జాగా. నన్ను అక్కడ కూచోబెట్టి, సార్ వెనక డేగిశాలోకి దిగినారు. ఎండ పేలిపోతోంది. బామ్మర్ది పరుగున పోయి గొడుగు తెచ్చి ఆయన చేతికిచ్చినాడు. చెప్పులు లేకుండా రోడ్డు మీద కాళ్ళు ఎగరేస్తూ నిలబడి, "సార్, కంప్యూటర్ ఊయలనే చెప్పింది," అని ఏడుపు మొగంతో అన్నాడు.

"నువ్వు సరిగ్గానే చేసినావు, పోయి నీడలో నిలబడు," అన్నారు సార్.

అనంతపురం నుంచి గుత్తి దాకా ఆయన అట్లే వచ్చినారు. ఒక చేత్తో అంచు, ఇంకో చేత్తో గొడుగు. గుత్తి ఊర్లోకి పోయేసరికి జనం చూడటం మొదలుపెట్టినారు. ఏదో ఊరేగింపనుకుని ఒక ముసలాయన ఎందుకైనా మంచిదని చేతులెత్తి మొక్కినాడు. సార్ గొడుగు పక్కకు పెట్టి తిరిగి మొక్కినారు. ఒక టీ అంగడి దగ్గర ఆటో ఆగితే, "ఏ పార్టీ అన్నా?" అని ఎవరో అడిగినారు. డ్రైవరు గంభీరంగా, "పెండ్లి పార్టీ," అన్నాడు.

కల్యాణమంటపంలో మాత్రం నవ్వే పరిస్థితి లేదు. నడుమ చెక్క ఊయల, దాని చుట్టూ రెండు వైపులవాళ్ళు. పెండ్లికూతురు వాళ్ళ నాయన చెమటలు తుడుచుకుంటున్నాడు. పెండ్లికొడుకు మేనమామ గట్టిగా అరుస్తున్నాడు: "ఇది ఎవరు పంపినారో, ఏమనుకుని పంపినారో తేలాల! అంతదాకా తాళి లేదు!" లోపలి గదిలో పెండ్లికూతురు ఏడుస్తోందని ఎవరో చెప్పినారు.

సార్‌ను చూడగానే పెండ్లికూతురి నాయన ఎదురొచ్చి, "కంప్యూటర్ తప్పు గదా సార్? ఆ మాట అందరి ముందరా చెప్పండి, చాలు," అని చేతులు పట్టుకున్నాడు. మేనమామ కూడా రొంత తగ్గి, "కంప్యూటర్ తప్పయితే మేము ఒప్పుకుంటాం. బ్యాంకుల్లోనే అయితాంటాయి," అన్నాడు. తప్పించుకునే దారి అంత విశాలంగా తెరిచి పెట్టినారు. అందరూ ఆయన నోటివైపు చూస్తున్నారు.

సార్ కండ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.

"కంప్యూటర్ తప్పు లేదప్పా," అన్నారు. "అది పట్టదని ముందే చెప్పింది. నేనే వినకుండా తోసినాను."

తర్వాత వాళ్ళకు సెట్టు గురించి చెప్పినారు. పట్టుచీరలు, మల్లెపూలు, సన్నాయి పట్టుకుని కూచున్నవాళ్ళు, అందరికీ కలిపి మేకులు, గోడ, చుట్లు తిరిగి రావడం, అంతా వివరంగా చెప్పినారు. బోర్డు లేదని ఊయల చెక్క మీద వేలితో రాసి చూపించినారు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అరవబోయిన మేనమామ ఎక్కడ అరవాలో తెలియక ఊరికే నిలబడిపోయినాడు.

పెండ్లికూతురు వాళ్ళ అవ్వ కుర్చీలో నుంచి లేచి దగ్గరికొచ్చింది. "అంత చదువు నాకు తెలీదు గానీ నాయనా, తప్పు నీదేనా?"

"నాదే అవ్వా."

"మా పిల్లది ఏమీ లేదు గదా?"

"ఆ పిల్లెవరో కూడా నాకు తెలీదవ్వా. మాబు అంగట్లో డేగిశా నెంబరు పెద్దది, అంతే."

అవ్వ మేనమామ వైపు తిరిగింది. "ఇన్నావా? మనిషి ఎండలో డేగిశాలో కూచోనొచ్చి నాదే తప్పంటాండాడు. ఇంక నీకేం గావల్ల?" పొద్దున్నుంచి ఉక్కకు ఏడుస్తూ చంకలు మారుతున్న ఒక పసిబిడ్డను ఎవరి చేతిలో నుంచో తీసుకుని ఊయలలో వేసి రెండు ఊపులు ఊపింది. బిడ్డ చప్పుడు చేయకుండా పడుకుంది. "పని అయితాంది గదా, ఉండనీ," అని పోయి తన కుర్చీలో కూచుంది.

మేనమామ కాసేపు ఊయలను చూసి, "నిద్రపోయింది గదా, మెల్లగా వాయించండప్పా," అని సన్నాయివాళ్ళకు చెప్పినాడు. గొడవ అట్లా అయిపోయింది.

భోజనాలు ఆలస్యమైనాయి గానీ బాగా అయినాయి. సార్ వంటాయన పక్కనే నిలబడి అన్నం ఉడికేదాకా కదల్లేదు. వాళ్ళు మమ్మల్ని తినమంటే సార్ ఆఖరి బంతిలో కూచున్నారు. పెండ్లికూతురు వచ్చి ఆయనకు దండం పెట్టి, "రొంత సేపు నా ప్రాణం పోయింది సార్," అంది. ఆయన అన్నం కలుపుతున్న చేయి ఆగిపోయింది.

మరుసటి రోజు మాబున్న వచ్చేసరికి ప్రోగ్రాం కొత్తగా రాసి పెట్టినారు. లోపల డేగిశాకు ఒక చిన్న నెంబరు, బయట చీటీ మీద మాత్రం వాళ్ళ నాయన పెట్టిన నెంబరు. మాబున్న చూసి, "లోపల ఏదైనా ఉండనీ సార్. బయట నాయన నెంబరు ఉంటే నాకు చాలు," అన్నాడు.

"ఈ మాట ముందే చెప్పింటే!"

"మీరు అడిగితే గదా సార్. మార్చు మార్చు అనే అన్నారు."

సార్ ఆ మాటకు చాలాసేపు నవ్వినారు. తర్వాత ప్రతి ఏడూ కొత్త పిల్లలకు ఈ కథ తానే చెప్పి, పరీక్షలో అడిగేవారు: 'పెండ్లికి ఊయల పోయింది, తప్పెక్కడ?' కంప్యూటర్ అని రాసినవాళ్ళకు సున్నా. బామ్మర్ది అని రాసినవాళ్ళకు సున్నాతో పాటు తిట్లు.

నేను ఉద్యోగంలో చేరినాక నెలకొకసారి ఫోను చేసేదాన్ని. జీతం, సంబంధాలు, ఆరోగ్యం, ఇవేవీ అడిగేవారు కాదు. "ఈ నెల ఏం తప్పులు దొరికినాయి?" అని అడిగేవారు. మా ఆఫీసులో వచ్చిన ఎర్రర్లు చదివి వినిపించేదాన్ని. మంచిది తగిలితే, "ఇంకోసారి చదువు," అనేవారు.

ఈ వేసవిలో ఆయన మంచం పట్టినారని తెలిసి ఫోను చేసినాను. గొంతు బాగా తగ్గిపోయింది. ఆ వారం మాకు ఒక్క ఎర్రరూ రాలేదు. ఆ మాటే చెప్పినాను.

"ఒకటి గూడా లేదా?"

"లేదు సార్."

"అయితే ఎవడో మూసిపెట్టినాడు. ఎతుకు."

రోగంలో మాట అనుకున్నాను. అయినా సోమవారం వెతికినాను. నిజమే, కొత్తగా చేరిన వాడొకడు ఎర్రర్లు చూపించే భాగాన్నే మూసిపెట్టినాడు. వెంటనే సార్‌కు ఫోను చేసినాను. ఆయన భార్య ఎత్తింది.

"పడుకున్నారమ్మా. మాట్లాడలేరు."

"దొరికిందని చెప్పండమ్మా, చాలు."

ఆమె గట్టిగా, "దొరికిందంట!" అని చెప్పింది. తర్వాత దూరం నుంచి సన్నగా ఏదో గొంతు.

"ఎన్నో లైను అని అడుగుతాండారమ్మా," అంది ఆమె. "నువ్వే చెప్పు, చెవి దగ్గర పెడతా."

చెప్పినాను. ఆయన ఊపిరి వినపడింది.

"పక్క లైను గూడా చూడు," అన్నారు.

చూసినాను. పక్క లైను బాగానే ఉంది. గ్రూపులో సార్ పోయినారని ముక్క వచ్చిన రోజు ఆ లైను తెరిచి ఇంకోసారి చూసినాను.